తడి గీత

మొగుడు శివ చేతిలోంచి రాయి జారిపడ్డప్పుడు భవాని ఇంటి వెనక రేకుల చాటున బట్టలు పిండుతోంది. ఆ చప్పుడుకు పిండుతున్న చీర చేతుల్లో అలాగే ఉండిపోయింది. షెడ్డులో సుత్తె పడితే ఒక చప్పుడు, పానా పడితే ఇంకో చప్పుడు. నిద్రలో విన్నా ఏది పడిందో ఆమె చెప్పగలదు. ఇది ఆ రెండూ కాదు. పెద్దగా ఏమీ లేదు గాని, నేలలోకి దిగిపోయినట్టు బరువైన దెబ్బ ఒకటి.

తలెత్తి చూసింది. మర్నాడు దసరా. ఆయుధపూజ కోసమని షెడ్డు తలుపులు బార్లా తీసి, లేతు మిషినూ డ్రిల్లు మిషినూ డీజిలు గుడ్డతో తుడిచి పెట్టారు. శివ నేల మీద నుంచి గ్రైండరు రాయిని రెండు చేతులా లేపాడు. పండుగకని సుచిత్ర చౌరస్తా దుకాణం నుంచి తెచ్చిన కొత్త రాయి. చిన్న కంచమంత వెడల్పు, బొటనవేలంత మందం. దాని మీద దుమ్ము అరచేత్తో తుడిచి, ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు. అంచున పెచ్చు ఎక్కడా ఊడలేదు. గుమ్మం వైపు ఒకసారి కళ్లు తిప్పి, ఎవరూ లేరని తేల్చుకుని, రాయిని గ్రైండరు ఇరుసుకు తొడిగాడు. నట్టు పెట్టి పానాతో బిగించసాగాడు.

'కొట్టి సూడు, ఒక్కసారి కొట్టి సూడు' అని భవాని పెదవులు కదిలాయి. అతను కొట్టి చూడలేదు.

కొత్త రాయి ఎక్కించే ముందు దాన్ని వేలికి వేలాడదీసి, స్క్రూలు బిగించే పెచ్‌కస్ కర్రపిడితో మెల్లగా ఒక దెబ్బ వేసి వినాలి. మంచి రాయి కంచు గిన్నెలా ఖంగుమంటుంది. లోపల చిట్లిన రాయి పగిలిన కుండలా టప్పుమని ఊరుకుంటుంది. చిట్లిన రాయిని ఎక్కించి స్విచ్చి వేస్తే, ఆ వేగానికి అది ముక్కలై ఎదురుగా ఉన్నవాడి ముఖంలోకి వస్తుంది. ఈ సంగతి భవానికి చెప్పింది మామ లింగస్వామే. చెప్పాడే గాని, ఆ చప్పుడు వినే చెవులు ఆయనకు ఇప్పుడు లేవు. బతుకంతా లేతు మిషిను పక్కన నిలబడ్డ చెవులు. అల్వాల్ డాక్టరు ఇచ్చిన చెవి మిషను షెడ్డులో పెట్టుకుంటే కీచుమని కూస్తుందని దాన్ని తంబాకు డబ్బాలో పెట్టేశాడు. అందుకని రాయి ఎప్పుడు మార్చినా కోడలు కొడుతుంది, మామ ఆమె ముఖం చూస్తాడు. ముఖం బాగుంటే రాయి బాగున్నట్టు.

ఈసారి కోడలు బయట చేరింది. ఆ పొద్దుటి నుంచే. ఇంటి వెనక రేకుల చాటున ఒక చాప, విడిగా ఒక కంచం, ఒక చెంబు. షెడ్డులో గోడకు ఎల్లమ్మ పటం ఉంది కాబట్టి తలస్నానం చేసేదాకా అటు అడుగు పెట్టకూడదు. షెడ్డుకూ ఆమెకూ నడుమ బోరు నీళ్లు పోయే సన్నటి మోరీ ఉంది. అత్త సాలమ్మ లెక్కలో అదే గీత.

శివ చేతులు కడుక్కోవడానికి మోరీ దగ్గరికి వచ్చాడు.

"రాయి కింద వడ్డది గదా," అంది భవాని, గొంతు తగ్గించి.

"ఏడ వడ్డది? అంచు నేలకు తాకింది, అంతే."

"కొట్టి సూసినవా?"

"సూసిన."

"నేను ఈడ్నే ఉన్న గదా. నువ్వు సూల్లే."

శివ సబ్బు కింద పెట్టాడు. "నువ్వు షెడ్డు దిక్కు ఎందుకు సూస్తున్నవ్ అసలు? ఈ నాలుగు దినాలన్న నన్ను పని జేస్కోనియ్యవా? కారు అమ్మి ఇంటికొచ్చిన కాన్నుంచి నాయిన నాకు సెప్పిన మొదటి పని ఇది. కారు స్టీరింగు పట్టినోనికి రాయి బిగించుడు రాదనుకుంటున్నవా?"

"బిగించుడు వస్తది. విప్పి ఒక్కసారి కొట్టు. నీ కాళ్లు మొక్కుత."

"మోగింది అంటున్న గదా!" అని తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

పొద్దుగూకేలోపు లింగస్వామి మేడ్చల్ నుంచి వచ్చాడు. అక్కడి ఫ్యాక్టరీకి ఇత్తడి బుష్షులు ఇచ్చి, మోపెడ్ ముందు బంతిపూల సంచి పెట్టుకుని దిగాడు. భవాని మోరీ అంచున నిలబడి "మామా!" అని కేకేసింది. ఆయనకు వినపడలేదు. ఇంకా గట్టిగా పిలిచింది. సాలమ్మ పసుపు కొమ్ములు దంచడం ఆపి చూసింది.

"ఏందే, పండుగ ముంగట ఆ బొబ్బలు?"

"రాయి కింద వడ్డది అత్తమ్మా. మామకు సెప్పాలె."

"పడ్డది, పగిలింది, ఇరిగింది. గీ మాటలా పండుగ పూట నోట్లెకెంచి వచ్చేది? అందులో నువ్వున్న తీరుకు! నోరు మూస్కొని కూసో పిల్లా."

భవాని మాట మానేసి సైగ చేసింది. ఎడమ చూపుడు వేలు అడ్డంగా పెట్టి, కుడిచేత్తో దాని కింద గాలిలో మెల్లగా కొట్టి చూపింది. ఇద్దరికీ అలవాటైన సైగ. లింగస్వామి అది చూశాడు. పూల సంచి దించి, కొడుకు వైపు తిరిగాడు.

"రాయి కొట్టి సూసినవారా?"

"సూసిన నాయినా," అన్నాడు శివ. తండ్రికి వినపడాలని గట్టిగా అన్నాడు. "ఖంగుమన్నది!"

లింగస్వామి కొడుకు ముఖాన్ని కాసేపు చూశాడు. కోడలి ముఖాన్ని చూసినట్టే. ఆ ముఖంలో ఆయన ఏం చదువుకున్నాడో గాని, తల ఊపి లోపలికి వెళ్లిపోయాడు. ఇక భవాని నోరెత్తితే మామకు చెప్పినట్టు కాదు, కట్టుకున్నవాణ్ణి అబద్ధాలకోరు అన్నట్టు. చాప మీద కూర్చుని చీర చెంగు వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

తెల్లారింది. షెడ్డు పెళ్లివారిల్లులా తయారైంది. లేతు మిషిను మీద తిరిగే చక్కుకు బంతిపూల దండ. డ్రిల్లు మిషినుకు మామిడాకులు. పానాలు, సుత్తెలు, ఆకురాళ్లు వరసగా గోనెపట్టా మీద పరిచి, ఒక్కోదానికీ బొట్టు పెట్టారు. గ్రైండరుకు బొట్టు పెట్టబోతే రాయి కనబడటం లేదు. రాయి చుట్టూ ఇనప డొప్ప ఉంటుంది కదా, ముక్కలు ఎగరకుండా. "అమ్మోరికి మొకం గనపడకుంటె ఎట్ల?" అంది సాలమ్మ. శివ ఆ డొప్ప విప్పి గోడ వారగా పెట్టాడు. సాలమ్మ తడి పసుపు దోసిట్లో తీసుకుని రాయికి రెండు పక్కలా దట్టంగా మెత్తింది. నడుమ నుంచి అంచు దాకా కుంకుమ బొట్లు పెట్టింది. బూడిదరంగు రాయి పసుపు ముద్దయింది. లోపల ఏముందో ఇక దేవుడికే తెలియాలి.

మోరీ ఇవతల నిలబడి భవాని అన్నీ చూస్తోంది.

గాలయ్య వచ్చాడు. చేపల సొసైటీ మనిషి, గోడ అవతలి ఇల్లు. ఏటా పూజ అయ్యాక గ్రైండరు మీద మొదటి సాన ఆయన కత్తిపీటకే. అది ఆయన హక్కు. పీట ఇంట్లో పెట్టి, కత్తి ఒక్కటీ తువ్వాల్లో చుట్టుకుని తెచ్చాడు.

"ఏం రా శివా, రాయి ఈసారి నువ్వే బిగించినవట! కోడలికి సెలవా?"

శివ నవ్వలేదు.

"షామీర్‌పేట మొత్తంల నీ ఇంట్లనే సూసిన అల్లుడా, మగడు కారు తోలుడు, పెండ్లాం లేతు తోలుడు. ఇగ నువ్వు గూడ దిగినవ్. మంచిగుంది." అని స్టూలు లాక్కుని గ్రైండరుకు ఎదురుగా కూర్చున్నాడు. "జల్దీ గానియ్యి లింగన్నా. ఇంట్ల కూర పొయ్యెక్కాలె. చేపలు కోసేటందుకు కత్తి లేక నా పెండ్లాం పండ్లు నూరుతాంది."

"గాలయ్య మామా, జర పక్కకు కూసో!" అని భవాని అరిచింది.

"ఎందుకు కోడలా? నా నీడ పడ్తాందా రాయి మీద?"

"రాయి కొత్తది. ఎదురుంగ కూసోవద్దు."

"పూజ జేసిన రాయి. అమ్మోరు నన్నేం జేస్తది?"

సాలమ్మ తల తిప్పి కళ్లురిమింది. 

లింగస్వామి స్నానం చేసి, తెల్లబట్టలు కట్టుకుని వచ్చాడు. ప్రతి మిషినుకూ దండం పెట్టాడు. కొబ్బరికాయ కొట్టాడు. సాలమ్మ హారతి పళ్లెం పట్టుకుని గ్రైండరు ముందు నిలబడింది. ఆమె పక్కన లింగస్వామి. దేవుడికి ఎదురుగానే కదా నిలబడాలి. కొత్త రాయిని నడిపేటప్పుడు పక్కకు నిలబడు, ముఖం అడ్డం పెట్టకు, కాసేపు ఖాళీగా తిరగనివ్వు అని భవాని చెవిలో ఊదరగొట్టిన మనిషి, చేతులు జోడించి రాయికి సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు. ఆయన కడుపు ఎత్తున రాయి. కింద స్టూలు మీద గాలయ్య, ఆయన ముఖం ఎత్తున రాయి.

శివ ప్లగ్గు పెట్టాడు. పెట్టి తలుపు దాకా వెనక్కి జరిగాడు. ఎందుకు జరిగాడో అతనికి తెలుసు. భవానికీ తెలుసు. ఇద్దరి కళ్లూ ఒక్క క్షణం కలిశాయి. అతనే ముందు దించుకున్నాడు.

"ఆయనకు సెప్పు," అంది భవాని. అతను తలెత్తలేదు.

హారతి మూడో చుట్టు తిరుగుతోంది. లింగస్వామి కుడిచేయి స్విచ్చి మీదికి పోయింది.

భవాని మోరీ దాటింది. గడప దాటింది. చెప్పుల్లేని కాళ్లకు గడప కడిగిన తడి తగిలింది. అత్త భుజం పక్కగా వంగి, చేయి చాచి, పసుపు మెత్తిన రాయి మీద అరచేయి మోపింది. మోపి తీయలేదు.

హారతి పళ్లెం సాలమ్మ చేతిలో వంగి, కర్పూరం బిళ్ల నేల మీద పడి మండింది. ఎవరూ దాన్ని చూడలేదు.

"ఇగ నడుపుర్రి," అంది భవాని. "నడిపేటట్టుంటె నడుపుర్రి."

లింగస్వామికి మాట వినపడలేదు. కాని చేయి కనపడింది. స్విచ్చి మీద ఉన్న వేలు అలాగే ఆగిపోయింది.

"అయ్యయ్యో! అయ్యయ్యో!" సాలమ్మ నెత్తి కొట్టుకుంది. "ముట్టుల ఉండి అమ్మోరిని ముట్టిందిరా! ఏడాదికొక్క పండుగ... దీని చేతులిరగ... ఏం మొండిదిరా దేవుడా ఇది!"

గాలయ్య స్టూలు మీంచి లేచి, తువ్వాలు దులుపుకుని, తనకేదో అంటుకుంటుందన్నట్టు గోడకు ఆనుకున్నాడు. శివ రెండు అంగల్లో వచ్చి భవాని రెక్క పట్టి లాగాడు. రెండో చేయి లేచింది.

"రేయ్," అన్నాడు లింగస్వామి.

ఆ చేయి లేచిన చోటే ఆగింది. లింగస్వామి వంగి, గోడ నుంచి ప్లగ్గు పీకి, తీగ చుట్టి గ్రైండరు మీద పెట్టాడు.  రాయి మీద పసుపులో అయిదు వేళ్ల గుర్తు పడింది. ఆ గుర్తును చూస్తూ నిలబడ్డాడు.

"కడుగుర్రి," అన్నాడు చివరికి. "రాయి ఇప్పి కడుగుర్రి."

నట్టు ఒక పట్టాన రాలేదు. శివ పానాకు పైపు తొడిగి తిప్పాల్సి వచ్చింది. లింగస్వామి చూస్తూ ఉన్నాడు. రాయి ఊడి వచ్చాక దాని రెండు పక్కలా వేలితో తడిమాడు. రాయికి ఇటొకటి అటొకటి గుండ్రటి అట్టబిళ్లలు ఉండాలి, బిగింపు నేరుగా రాయి మీద పడకుండా. అవి లేవు. చీపురు మూల చెత్తలోంచి వాటిని ఏరి, ఊది, చొక్కా జేబులో వేసుకున్నాడు. శివ అది చూశాడు గాని చూడనట్టు పానా తుడిచాడు.

సాలమ్మ ఊరుకుంటుందా? నీళ్లు చల్లితే చాలదంది. బకెట్లో పసుపునీళ్లు కలిపి రాయిని నిలువునా ముంచింది. మనసు నిమ్మళించేదాకా ఉంచింది. తీశాక శివ దాన్ని వేలికి తగిలించి, అందరి ముందూ పెచ్‌కస్ పిడితో కొట్టాడు.

టప్.

 గాలయ్య మెడ చాచాడు.

"తడిసింది గదా," అన్నాడు శివ గబగబా. "నాయినా, తడిసిన రాయి మోగది. నువ్వే అంటవు గదా!"

అది నిజమే. తడిసిన రాయి ఎంత మంచిదైనా మోగదు. లింగస్వామి అలవాటు చొప్పున భవాని ముఖం వైపు చూశాడు. మోరీ అవతలికి వెళ్లి నిలబడ్డ భవాని ఏం చెప్పగలదు? పగిలిందని ఒట్టేయలేదు, బాగుందనీ అనలేదు. తల దించుకుంది.

"ఆరనియ్యి," అన్నాడు లింగస్వామి. "ఆరినంక సూద్దాం."

సాలమ్మ అప్పుడు చెప్పింది, అందరూ వినేలా. "ఇను పిల్లా. రాయి ఆరినంక మోగిందనుకో, ఇగ నువ్వు ఈ షెడ్డు గడప తొక్కేది లేదు. నీ లేతు బందు, నీ బిట్లు బందు, అన్ని బందు. వంటింట్లుండు. పండుగ నాడు మా మొకాల మీద మన్ను గొట్టినవ్."

ఎవరూ కాదనలేదు. మామ కూడా. ఆయనకు వినపడిందో లేదో భవానికి తెలియలేదు. ఆయన రాయిని తీసుకెళ్లి స్నానాల గది పిట్టగోడ మీద ఎండకు పెట్టాడు. ఎండ వచ్చే చోట్లు ఆ వాకిట్లో ఇంకా ఉన్నాయి. ఆ పిట్టగోడ మాత్రం రేకుల చాటుకు సరిగ్గా ఎదురుగా ఉంది.

ఆ దినమంతా మబ్బు పట్టింది. నడుమ ఒక జల్లు కూడా పడితే లింగస్వామే వచ్చి రాయి మీద బస్తా కప్పి పోయాడు. జమ్మికి పోయేవాళ్లు పోయారు, వచ్చేవాళ్లు వచ్చారు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ సాలమ్మ ఈ కథ చెప్పింది. గోడ అవతల గాలయ్య మొద్దుకత్తితోనే పని కానిచ్చి, కానిస్తున్నంతసేపూ తిట్టాడు. భవానికి శివ కంచం తెచ్చాడు. చాపకు దూరంగా పెట్టాడు.

"నన్ను అందరి ముంగట అబద్దపోన్ని జేసినవ్."

"నేను జేసిన్నా?"

"నాయిన నన్ను నమ్మిండు. ఒక్క పని, ఒక్కటంటె ఒక్కటి సెప్పిండు."

"నేను నిన్ను ఏమన్నా అన్ననా? నోరు తెర్సి నీ పేరెత్తిన్నా? రాయిని ముట్టిన, అంతే. మైల నాది, తిట్లు నావి. నీకేమయింది?"

శివ వేరే గొంతుతో అడిగాడు. "మంచిగనే ఉండొచ్చు గదా అది? పడ్డ రాయల్లా పగుల్తదా?"

"ఉండొచ్చు," అంది భవాని.

ఆ మాట అన్నాక ఆమె కంచం పక్కకు జరిపింది. ఉండొచ్చు. నిజంగానే ఉండొచ్చు. అప్పుడు లేతు మీద ఇత్తడి కోస్తుంటే బంగారు చుట్టల్లా రాలే పొట్టు, కోత బిట్టుకు సానతో తాను పెట్టే వాలు, కొలత సరిపోయినప్పుడు మామ గొంతులో వచ్చే 'ఊఁ' అనే చిన్న చప్పుడు, అన్నీ పోతాయి. రాయి పగిలి ఉండాలని కోరుకుంటున్నానా అనుకుని భయపడింది. పగిలిన రాయి ముందు మామ నిలబడ్డ తీరు గుర్తొచ్చి, ఆ భయమూ నిలవలేదు.

మర్నాడు ఎండ బాగా కాసింది. భవానికి చేయడానికి పని లేదు, ముట్టుకోవడానికి వస్తువు లేదు. రాయిని చూస్తూ కూర్చుంది. బస్తా తీసేసరికి అది తడికి నల్లగా, చెరువు గట్టు బండలా ఉంది. ఎండ ఎక్కేకొద్దీ అంచుల నుంచి తెల్లబడటం మొదలైంది. అంచు బూడిదరంగుకు తిరిగింది. తడి లోపలికి జరిగింది, నడుమ బెజ్జం చుట్టూ చేరింది. ఎక్కడా గీత లేదు. పెచ్చు లేదు. నున్నగా, శుభ్రంగా, కొన్ననాటి రాయిలా ఉంది.

సాలమ్మ బిందె పట్టుకుని పోతూ రాయినీ కోడలినీ చూసింది. "ఏమయింది? మంచిగనే ఉన్నది గదా?" అంది. గొంతులో కోపం కూడా లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

బెజ్జం చుట్టూ ఉన్న తడి కూడా పోయింది. రాయి మొత్తం ఒకే రంగైంది. భవాని కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచి చూసేసరికి, బెజ్జం నుంచి అంచు వైపు ఒక వెంట్రుక పడి ఉంది. తన తల వెంట్రుకే గాలికి ఎగిరి అంటుకుందేమో అనుకుని, చాప మీద నుంచి లేచి, ముట్టకుండా ముఖం దగ్గర పెట్టి ఊదింది. వెంట్రుక కదల్లేదు. ఇంకోసారి ఊదింది. కదల్లేదు. వెంట్రుక కాదు, తడి. రాయంతా ఆరినా ఆ సన్నటి గీతలో నీళ్లు ఇంకా ఆరలేదు. గీత అంచుకు వేలెడు దూరంలో ఆగింది.

ఆమె ఎవరినీ పిలవలేదు. వచ్చి మళ్లీ చాప మీద కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

శివ తువ్వాలు కోసం తీగ దగ్గరికి వచ్చాడు. భవాని గడ్డంతో పిట్టగోడ వైపు చూపించింది. అతను వంగి చూశాడు. బొటనవేలితో గీతను తుడిచాడు. వేలు తడైంది, గీత పోలేదు. ఇంకోసారి తుడిచాడు. తర్వాత అక్కడే గొంతుక్కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద వేసుకుని, చాలాసేపు నేల చూశాడు. నిన్న ఆ రాయికి ఎదురుగా ఎవరెవరున్నారో లెక్క చూసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. అమ్మ హారతి పళ్లెం, నాయిన కడుపు, గాలయ్య ముఖం.

లేచి రాయిని తీసుకున్నాడు. లింగస్వామి షెడ్డు ముందు కూర్చుని అట్టబిళ్లలను మోకాలి మీద పెట్టి చదును చేస్తున్నాడు.

"నాయినా, రాయి కింద వడ్డది," అన్నాడు శివ.

"ఆఁ?"

"రాయి కింద వడ్డది నాయినా."

లింగస్వామి చెవి దగ్గర చేయి పెట్టుకున్నాడు. శివ చుట్టూ చూశాడు. బోరు దగ్గర అమ్మ ఉంది. గోడ మీద నుంచి గాలయ్య తల కనపడుతోంది. వేరే దారి లేదు. ఊపిరి పీల్చుకుని అరిచాడు.

"రాయి కింద వడ్డది! నా సేతులకెంచి జారింది! నేను కొట్టి సూల్లే! సూసిన అని నీకు అబద్దం సెప్పిన!"

బిందె నిండి నీళ్లు పొర్లుతున్నా సాలమ్మ మోటరు ఆపలేదు. గాలయ్య తల గోడ వెనక మెల్లగా కిందికి దిగిపోయింది.

లింగస్వామి రాయిని అందుకుని గీతను వెలుతురుకు పెట్టి చూశాడు. కోపం చేయలేదు. పక్కన ఉన్న సుత్తె తీసి కొడుకు చేతిలో పెట్టాడు.

"పలగొట్టు."

"గిదా?"

"పలగొట్టి పారెయ్యి. మంచిగున్నదని ఎవడన్న ఏరుకపోయి బిగించుకుంటడు."

శివ రాయిని బండ మీద పెట్టి మెల్లగానే కొట్టాడు. రెండో దెబ్బ అక్కర్లేకపోయింది. బ్రెడ్డు ముక్క తుంచినట్టు గీత వెంట విడిపోయింది. విరిగిన చోట సన్నగా పసుపు చార ఉంది. అమ్మ ముంచిన పసుపునీళ్లు అంత లోపలికి దిగాయి.

"సుచిత్ర పో. ఇంకోటి తే," అన్నాడు లింగస్వామి. "ఒళ్లె పెట్టుకొని తే, పసిపిల్లగాన్ని తెచ్చినట్టు. వచ్చినంక ముందుగాల ఆ డొప్ప ఎక్కియ్యి."

కొత్త రాయి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఆ సంగతి ఎలా తెలిసిందో గాలయ్య కత్తి పట్టుకుని హాజరయ్యాడు. శివ డొప్ప బిగించి, పానా పట్టుకుని నిలబడ్డాడు. లింగస్వామి రాయి మీది కాగితం విప్పి, ఉట్టి చేత్తో అంచంతా తడిమాడు. జేబులోంచి పెచ్‌కస్ తీశాడు. కొడుకు చేయి చాచాడు. ఆయన ఇవ్వలేదు. రాయి పట్టుకుని షెడ్డులోంచి బయటికి నడిచాడు. మోరీ దగ్గర ఆగాడు.

"ఏమయ్యా!" సాలమ్మ అరుగు మీద నుంచి అంది. "రేపు తల పోసుకుంటది గదా. రేపటిదాంక ఆగలేవా?"

లింగస్వామికి వినపడలేదో, వినపడనట్టు ఉన్నాడో. మోరీ దాటాడు. రేకుల చాటు దాకా వెళ్లి, లేచి నిలబడ్డ కోడలి ఎడమచేయి తనే పట్టుకుని, చూపుడు వేలు చాపి, రాయి బెజ్జాన్ని ఆ వేలికి తగిలించాడు. పెచ్‌కస్ ఆమె కుడిచేతిలో పెట్టాడు. ఆయన వేళ్లు ఆమె వేళ్లకు తగిలాయి. తగలకుండా ఇవ్వాలని ఆయన చూడలేదు.

"కొట్టు," అన్నాడు.

భవాని అరచేతి గీతల్లో నిన్నటి పసుపు ఇంకా ఉంది. పిడితో రాయి పక్కన మెల్లగా ఒక దెబ్బ వేసింది.

ఖంగుమంది. ఆ మోత రేకులకు తగిలి, వాకిట్లో కాసేపు నిలిచి, సన్నగా పోయింది. రాయి తిప్పి ఇంకో చోట కొట్టింది. అదే మోత. లింగస్వామి రాయిని చూడటం లేదు. ఆమె ముఖమే చూస్తున్నాడు.

అరుగు మీద సాలమ్మ పసుపునీళ్ల చెంబు తీసింది. ఇద్దరి మీదా చల్లడానికే తీసింది. చెంబులో వేళ్లు ముంచింది కూడా. మొగుణ్ణి చూసింది, బండ పక్కన పడి ఉన్న రాతి ముక్కల్ని చూసింది. వేళ్లు చీర చెంగుకు తుడుచుకుని, చెంబు అరుగు మీద పెట్టేసింది. కాసేపాగి కుంకుమ భరిణె పట్టుకుని షెడ్డులోకి వెళ్లింది.

"రాయికొద్దు," అన్నాడు లింగస్వామి వెనక నుంచి. "డొప్పకు పెట్టు."

ఆమె డొప్పకే ఒక బొట్టు పెట్టి పక్కకు జరిగింది.

శివ అట్టబిళ్లలు ఇటొకటి అటొకటి వేసి, రాయి తొడిగి, నట్టు బిగించాడు. సరిపోయిందనిపించాక ఇంకో చుట్టు తిప్పబోయి, తండ్రి ముఖం చూసి ఆపాడు. చేత్తో రాయిని తిప్పి, ఎక్కడా రాసుకోవడం లేదని చూశాడు. గాలయ్య స్టూలు ఎత్తుకుని, ఎవరూ చెప్పకుండానే, లేతు మిషిను వెనక దాకా వెళ్లి కూర్చున్నాడు.

"అంత దూరం ఎందుకు మామా?" అన్నాడు శివ.

"నాకు ఇదొక్కటే మొకం ఉన్నది అల్లుడా."

లింగస్వామి గ్రైండరు పక్కకు వచ్చి నిలబడ్డాడు. భార్యను చేత్తో వెనక్కి జరిపాడు. స్విచ్చి మీద వేలు పెట్టి, తల తిప్పి, తలుపులోంచి బయటికి చూశాడు. మోరీ అవతల భవాని నిలబడి ఉంది.

ఆమె అందరినీ చూసింది. అత్త పక్కకే ఉంది. శివ పక్కకే ఉన్నాడు. గాలయ్య కనపడను కూడా లేదు. రాయికి ఎదురుగా గోడ తప్ప ఎవరూ లేరు. మామ వేలు స్విచ్చి మీదే ఆగి ఉంది.

భవాని తల ఊపింది. అప్పుడు గాని ఆయన స్విచ్చి వేయలేదు.